ఆగమ్మ బిందె వైపు

మెదక్,
17 నవంబర్ 2024

చిరంజీవి లిల్లీకి, మేనత్త జ్ఞానమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. నీ క్షేమం యూట్యూబ్‌లో చూస్తున్నాను కాబట్టి అడగడం లేదు.

ముందుగా మీ కోచ్ పరశురాం గారికి నా నమస్కారాలు చెప్పు. సీజన్ అయ్యేదాకా అమ్మాయిల ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్న మహానుభావుడు. ఆదివారం ఆయన దయతలచి ఇచ్చే పది నిమిషాలనూ మీ అమ్మ మార్తమ్మ "తిన్నవా, ఏం తిన్నవ్, ఎందుకు తినలే" అనే మూడు ప్రశ్నలకే వాడేస్తుంది. మేనత్తకు మిగిలింది పోస్టాఫీసు. ఒక రకంగా ఇదే మంచిది. ఫోన్లో అయితే నేను రెండో మాట అనేలోపు కట్ చేస్తావు. ఉత్తరాన్ని చింపాలి, చింపే ముందు ఎలాగూ చదువుతావు.

నిన్నటి బాస్కెట్‌బాల్ ఆట తాజ్ బీ టైలరింగ్ షాపులో కూర్చుని చూశాను. మన ఇంట్లో టీవీని మీ అమ్మ సీరియళ్లకు రాసిచ్చేశాం కదా. ఇరవై ఎనిమిది పాయింట్లు వేశావు, శభాష్. అవతలి జట్టులో ఒకమ్మాయి నువ్వు వస్తుంటే పక్కకు తప్పుకుని దారి ఇస్తోంది, ఎవరి పిల్లో గానీ మర్యాద బాగా నేర్పారు. ఇంకో అమ్మాయి నీ షాట్ పడగానే చప్పట్లు కొట్టింది. అలాంటి జట్టు మీద మీ అమ్మ కూడా పది పాయింట్లు వేస్తుంది, చేతిలో గరిటె ఉన్నా సరే.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. బంతి కొట్టుకుంటూ ఎడమకు దూసుకెళ్లి, ఎడమ చేత్తో బోర్డుకు తగిలించి వేసే ఆ షాట్ చూస్తే నా కళ్లు చల్లబడ్డాయి. అది మన కాలనీ గ్రౌండు సొత్తు. ఉన్నది ఒక్కటే పోలు. దాని కుడి పక్కనే నీళ్ల నల్లా, నల్లా గద్దె మీద ఎప్పుడూ ఆగమ్మ బిందెలు. బంతి తగిలి బిందె దొర్లితే, కొట్టిన పిల్ల ఆ రోజుకు ఆగమ్మ బిందెలన్నీ నింపి ఇంటికి చేర్చాలని రూలు. రూలు పెట్టింది ఆగమ్మే, తీర్పు చెప్పేదీ ఆగమ్మే. అందుకే పొద్దంతా పాపన్నపేట బడిలో పీఈటీ ఉద్యోగం చేసి, సాయంత్రాలు నేను ఇక్కడ ఆట నేర్పిన ప్రతి ఆడపిల్లా ఎడమకే పోతుంది. చూడగానే మెదక్ పిల్ల అని తెలుస్తుంది.

మరీ కాలరెగరేయకు. జెర్సీకి కాలర్ ఉండదు.

నీ గాలి తీయడానికే పుట్టిన,
అత్తమ్మ

*

విజయవాడ,
1 డిసెంబర్ 2024

అత్తమ్మకు లిల్లీ వందనాలు.

నీ ఉత్తరం హాస్టల్లో అందరూ చదివారు. నేను ఇవ్వలేదు, లాక్కున్నారు. మా రూమ్మేట్లు నిన్ను కామెంటేటర్‌గా పిలిపించమని సార్‌ను అడుగుతామంటున్నారు. సార్ వద్దన్నారు, ఆయనకు ప్రాణం మీద తీపి ఉంది.

నీకు ఆట తెలుసు గానీ లెక్క తెలియదు. ఇప్పుడు పాయింట్లు ఎన్ని వేశావని ఎవరూ అడగరు. ఎన్ని ప్రయత్నాలకు వేశావని అడుగుతారు. దాన్ని స్కోరింగ్ ఎఫిషియెన్సీ అంటారు. మా టీంలో కావ్య అక్క అని ఉంది, సీనియర్. మోకాలు దెబ్బతిని ఆట మానేసి, ఇప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకుని మా అందరి జాతకాలు చెబుతుంది. ఆమె లెక్కలో ప్రస్తుతం నేను టీం మొత్తానికి ఫస్ట్. పది షాట్లు వేస్తే ఆరు పడుతున్నాయి. తాజ్ బీ ఆంటీకి చెప్పు. ఆగమ్మకు కూడా చెప్పు.

అయితే ఒక మాట. ఇప్పటిదాకా ఆడినవి దొరికిన కాలేజీలతో పెట్టుకున్న ఆటలు. అసలు కథ జనవరిలో మొదలవుతుంది, దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. మా కాన్ఫరెన్స్‌లో ఎనిమిది కాలేజీలు. ప్రతి కాలేజీతో రెండేసి సార్లు ఆడాలి, ఒకసారి మా ఊళ్లో, ఒకసారి వాళ్ల ఊళ్లో. ఒకరి వీడియోలు ఒకరు చూసుకుని, ఒకరి గుట్టు ఒకరు తెలుసుకుని ఆడతారట. అక్కడికి వచ్చేసరికి అందరి ఎఫిషియెన్సీ పడిపోతుందని కావ్య అక్క భయపెడుతోంది. నాకేం భయం లేదు.

భయం లేదు గానీ, కాన్ఫరెన్స్ ఆటలను బట్టే సార్ వచ్చే ఏడాది జట్టును ప్రకటిస్తారు. అందులో పేరుంటేనే స్పోర్ట్స్ కోటాలో నా సీటు, హాస్టల్ నిలుస్తాయి. లేకపోతే మూటాముల్లె సర్దుకుని మెదక్ బస్సు ఎక్కడమే. నాన్నకు ఈ సంగతి చెప్పకు. చెబితే ఇప్పుడే వచ్చి మూట కట్టేస్తాడు.

మర్యాదస్తులు దారి ఇచ్చే మేనకోడలు,
లిల్లీ

*

మెదక్,
18 డిసెంబర్ 2024

లిల్లమ్మ గారికి,

క్రిస్మస్‌కు రావడం లేదని, సార్ క్యాంపు పెట్టారని మీ అమ్మకు చెప్పావట. రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చుంది. తర్వాత నీ వాటా గారెలు కూడా మీ నాన్నకే పెడతానని తేల్చింది. ఆయన దుఃఖం అక్కడితో తీరింది.

ఇంటి మీద నక్షత్రం కట్టాం. ఈసారి మీ నాన్న వైరింగ్ చేశాడు, అందుకని అది వెలగడం లేదు.

నీ ఎఫిషియెన్సీ సంగతి ఊరంతా చెప్పాను. నువ్వు చెప్పమన్నావు కదా. ఆగమ్మ మొత్తం విని "అయితే పదిట్ల నాలుగు తప్పుతుందన్నట్టు" అంది. చదువుకోలేదు గానీ మనిషిని పడగొట్టడంలో ఆమెకు నా కంటే అనుభవం ఎక్కువ.

తాజ్ బీ మాత్రం శ్రద్ధగా విన్నది. వాళ్ల నాజ్ గుర్తుందా? నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు నా దగ్గర ఆడేది, పొడుగ్గా ఉండేది. ఇప్పుడు కర్నూల్లో ఏదో కాలేజీకి కోచ్. "మా నాజ్ టీం గూడ లిల్లీ ఆడే కాన్ఫరెన్స్‌లనే ఉన్నదంట టీచరమ్మా, ఎంత మంచిగున్నది!" అని మురిసిపోయింది. నాకూ సంతోషమైంది. ఇద్దరూ నా చేతి పిల్లలే. ఆ సంతోషంలో రెండు చాయ్‌లు తాగి, నీ ఎడమ చేతి షాట్ గురించి, ఏ కాలు ముందు వేస్తావో, ఎప్పుడు భుజం తిప్పుతావో మొత్తం చెప్పాను. కుట్టు మిషన్ పక్కన నిలబడి ఆడి కూడా చూపించాను. ఒక బాబిన్ డబ్బా కింద పడింది.

నాజ్ మన పిల్లే కదా. పరాయిదా ఏమన్నా?

క్యాంపులో చలికి స్వెట్టర్ వేసుకో. లెక్కలు చెప్పే ఆ అమ్మాయిని, స్వెట్టర్ వేసుకుంటే ఎంత శాతం తగ్గుతుందో అడుగు.

అత్తమ్మ

*

విజయవాడ,
19 జనవరి 2025

అత్తమ్మా,

సీఐడీ జ్ఞానమ్మ గారికి నమస్కారం అని రాద్దామనుకున్నాను. నవ్వు రాక మానేశాను.

కాన్ఫరెన్స్ మొదటి ఆట కర్నూల్లో, నాజ్ అక్క కాలేజీతో. ఆట మొదలయ్యాక నేను ఒక్కసారి ఎడమకు పోయాను. అంతే. ఆ తర్వాత ఎడమ వైపు ఇద్దరు నిలబడ్డారు, నేను పెళ్లికూతురినైనట్టు చుట్టూ తిరిగారు. కుడి వైపంతా ఖాళీగా వదిలేశారు. బయట గీత దగ్గర నిలబడి నాజ్ అక్క అరుపులు. "ఎడమకే వస్తది! గా పిల్లకు కుడి లేదు! ఎడమ మూయుండ్రి!" కర్నూలు అమ్మాయిలకు ఆ భాష సగం అర్థం కాలేదు గానీ అర్థం కావలసిన సగం అయింది.

పద్నాలుగు షాట్లలో మూడు పడ్డాయి. అందులో ఒకటి పొరపాటున పడింది.

తర్వాతి నాలుగు కాలేజీలూ ఆ వీడియో చూశాయి. అందరూ ఎడమ మూసేశారు. కావ్య అక్క చెప్పింది నిజమే, కాన్ఫరెన్స్‌లో అందరి లెక్కా కొంచెం పడింది. ఎదుటి జట్లు గట్టివి, బస్సు ప్రయాణాలు, తెలిసిన ముఖాలు. కానీ అందరిదీ మెట్టు దిగింది, నాది బావిలో పడింది. పదికి మూడు కూడా లేదు. నిన్న సార్ నన్ను ఆట మొదట్లో దింపలేదు. "నీ కుడి చెయ్యి ఊళ్లో మర్చిపోయి వచ్చావా?" అని అందరి ముందు అడిగారు.

నాజ్ అక్కకు ఎలా తెలిసిందో నేను కనుక్కోనక్కరలేదు. బాబిన్ డబ్బా పక్కన నిలబడి ఆడి కూడా చూపించావు కదా. నా సీటు నీ రెండు చాయ్‌లకు పోయింది అత్తమ్మా. కనీసం సమోసా అన్నా పెట్టారా?

లిల్లీ

*

మెదక్,
27 జనవరి 2025

లిల్లీ,

సమోసా పెట్టలేదు. ఉస్మానియా బిస్కెట్లు పెట్టారు, అవీ మెత్తబడ్డాయి.

నీ ఉత్తరం అందిన రోజే తాజ్ బీ షాపుకు వెళ్లి, "మీ కూతురికి నా కోడలి గుట్టు చెప్పినందుకు థ్యాంక్స్" అని చెప్పి వచ్చేశాను. ఆమె నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది, జవాబు చెప్పలేకపోయింది. చెప్పే అవకాశం నేనూ ఇవ్వలేదు. రామాయంపేట పెళ్లికి కుట్టించుకుంటున్న నా జాకెట్ ఆమె దగ్గరే ఉండిపోయింది, ఎడమ చెయ్యి కుట్టింది, కుడి చెయ్యి కుట్టలేదు. పాత జాకెట్‌తోనే వెళ్లాను. నీ కోసం నేను చేసిన త్యాగాల్లో అది ఒకటి.

ఇక నీ సంగతి. ఒక మనిషి అరిస్తే, నాలుగు ఆటలు ఓడిపోతే, సార్ ఒక మాట అంటే సీటు పోయిందని తేల్చేశావు. చాలా బాగుంది. అలాంటి సుకుమారులకు బాస్కెట్‌బాల్ తగదు, క్యారమ్స్ ఉంది. ఇంకెందుకు ఆలస్యం, మానేసి వచ్చెయ్. ఇక్కడ సండే స్కూల్ పిల్లలను ప్రార్థన అయ్యాక ఆడించడానికి ఈల ఊదే ఉద్యోగం ఖాళీగా ఉంది. జీతం లేదు గానీ ఎవరూ ఎడమ మూయరు. ఎఫిషియెన్సీ నూటికి నూరు. మీ అమ్మ గారెలు చేసి పెడుతుంది, ఆగమ్మ బిందెలు నింపుకుంటూ హాయిగా బతికేయొచ్చు.

ఐదు కాలేజీలు కలిసి నిన్ను ఒక్కదాన్ని ఆపడానికి వీడియోలు చూస్తున్నాయంటే దానికి ఏడవాలో నవ్వాలో కూడా నీకు కావ్య అక్కే చెప్పాలేమో.

అత్తమ్మ

*

విజయవాడ,
6 ఫిబ్రవరి 2025

అత్తమ్మకు,

ఉత్తరం అందింది. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను.

నిన్న సార్ దగ్గరికి వెళ్లి, కాన్ఫరెన్స్ అయ్యాక మానేస్తానని చెప్పాను. "అయ్యాక వచ్చి చెప్పు, ఇప్పుడు వినే ఓపిక లేదు" అన్నారు. వింటే ఎంత, వినకపోతే ఎంత. మార్చి మొదట్లో చివరి ఆట. ఆ తర్వాత నాన్నను రమ్మను, సామాను ఎక్కువ లేదు.

సండే స్కూల్ ఉద్యోగం ఎవరికీ ఇవ్వకు. ఈల నీది వాడొచ్చా, కొత్తది కొనాలా?

లిల్లీ

*

మెదక్,
11 ఫిబ్రవరి 2025

బిడ్డా,

రావద్దు.

ముందు ఆ మాట రాసి తర్వాత మిగతావి రాద్దామనుకున్నాను. మానేసి రమ్మని నేను వెక్కిరింపుగా రాశాను. నువ్వు ఓడిపోతుంటే చూడలేక, ఏం చెయ్యాలో తెలియక, నాకు వచ్చింది అదొక్కటే కాబట్టి వెక్కిరించాను. నువ్వు చదివి నవ్వుకుంటావని, రోషం వచ్చి ఇంకా గట్టిగా ఆడతావని అనుకున్నాను. నువ్వు ఒక్కదానివే గదిలో కూర్చుని ఏడుస్తూ చదువుతావని అనుకోలేదు. నీ ఉత్తరం నాలుగు వరుసలే ఉంది. నీ చేతిరాత అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు.

ఇంకొకటి చెప్పాలి. మొన్న తాజ్ బీ మన ఇంటికి వచ్చింది. జాకెట్ తెచ్చింది, కుడి చెయ్యి కూడా కుట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి "మీరే మాట్లాడుండ్రి, నా బిడ్డ నోటి నుంచే ఇనుండ్రి" అంది. నాజ్ లైన్లో ఉంది. ఆ పిల్ల అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"టీచర్, మా అమ్మ నాకు ఏం చెప్పలే. చెప్పే పనే లేదు. లిల్లీ మెదక్ పిల్ల, మీ దగ్గర ఆడింది అని తెల్వంగనే నాకు సమజైంది. నేను గూడ గా నల్లా పక్కకే ఆడిన కద. స్టేట్ సెలెక్షన్‌కు పోయినప్పుడు నన్ను గూడ గిట్లనే ఎడమ దిక్కు మూసిండ్రు. కుడికి పోదామంటే కాలు రాలె. ఆడ బిందె లేదని మనసుకు తెలుసు టీచర్, కాలుకు తెల్వదు. గందుకే నేను కోచ్‌ను అయిన, ప్లేయర్‌ను కాలె. లిల్లీకి చెప్పుండ్రి, ఆ పిల్లను నేను బాధ పెడదామని మూయలే. నేర్చుకోవాలంటే ఎవరో ఒకరు మూయాలె."

ఫోన్ పట్టుకుని చాలాసేపు మాట రాక నిలబడ్డాను. నాకు మాట రాకపోవడం మీ అమ్మ మొదటిసారి చూసింది, డాక్టర్‌ను పిలవాలా అని అడిగింది.

నీకు చెయ్యి లేక కాదు, ధైర్యం లేక కాదు. నల్లా ఉంది కాబట్టి కుడికి పోలేదు, అంతే. అక్కడ విజయవాడలో నల్లా లేదు. ఇప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలియదు, నేనూ ఎప్పుడూ కుడికి పోలేదు. ఆ లెక్కల అమ్మాయిని అడుగు. ఆమె కాళ్లు మొక్కుతానని నా మాటగా చెప్పి అడుగు.

తాజ్ బీకి రెండు చాయ్‌లు నేనే చేసి ఇచ్చాను. ఒకటి తాగింది, రెండోది కోపంతో వదిలేసింది.

ప్రేమతో,
అత్తమ్మ

*

విజయవాడ,
9 మార్చి 2025

గౌరవనీయులైన, డాక్టర్ అవసరం లేని అత్తమ్మకు,

ముందు నువ్వు కావ్య అక్క కాళ్లు మొక్కే సంగతి. ఆమె ఆ ఉత్తరాన్ని ఫోటో తీసుకుంది. జాగ్రత్త.

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. తర్వాత దాన్ని తీసుకెళ్లి ఆమెకు ఇచ్చాను. ఆగమ్మ రూలు గురించి నేను చెబితే విని ఆమె పడీ పడీ నవ్వింది. మర్నాడు పొద్దున కోర్టుకు వెళ్లేసరికి పోలుకు ఎడమ వైపు హాస్టల్ బకెట్లన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. "బకెట్‌కు బంతి తగిలినా, కాలు తగిలినా, ఆ బకెట్ ఎవరిదో వాళ్ల బట్టలు ఆ రోజు నువ్వే ఉతకాలి" అంది. ఆగమ్మకు విజయవాడలో బ్రాంచి తెరిచినట్టయింది. మొదటి వారం నేను ఉతికిన బట్టలు చూస్తే మన చాకలి పద్మమ్మ ఉద్యోగం ఇస్తుంది. రెండో వారం కొంచెం తగ్గాయి. మూడో వారం అమ్మాయిలే నా మీద అలిగారు, మా బట్టలు ఎవరు ఉతుకుతారని.

నిన్న చివరి ఆట. మళ్లీ నాజ్ అక్క జట్టే, ఈసారి మా కోర్టులో. సార్ నన్ను మొదట్లో దింపలేదు. మూడో క్వార్టర్‌లో మా అమ్మాయికి చీలమండ బెణికితే వేరే దారి లేక దింపారు. బంతి రాగానే ఎడమ వైపు తలుపులు మూసుకున్నాయి. నేను కుడికి పోయాను. బంతి బోర్డు కింది అంచుకు తగిలి నా మొహం మీదికే వచ్చింది. రెండోసారి పోయాను, అది దేనికీ తగల్లేదు, ప్రేక్షకుల్లో ఒకాయన పట్టుకున్నాడు. నాజ్ అక్క అరవడం ఆపి చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది. మూడోసారి పోయాను. పడింది.

నాలుగోది కూడా పడగానే నాజ్ అక్క గొంతు కోర్టంతా దద్దరిల్లేలా లేచింది. "కుడికి గూడ వస్తున్నది! రెండు దిక్కులు సూడుండ్రి!" అత్తమ్మా, నువ్వు నన్ను పుట్టినప్పటి నుంచి తిడుతున్నావు, పొగిడావు కూడా. కానీ నా జీవితంలో అంత పెద్ద పొగడ్త నేను వినలేదు. రెండు దిక్కులూ చూడటం మొదలుపెట్టాక ఎడమ కొంచెం తెరుచుకుంది. అప్పుడు మన షాట్ కూడా వేశాను, నీ కోసం.

ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయాం. కావ్య అక్క లెక్క ప్రకారం కాన్ఫరెన్స్ మొత్తం మీద నా ఎఫిషియెన్సీ ఇప్పటికీ టీంలో అందరి కంటే కింద నుంచి రెండోది. ఆమె ఆ మాట చెబుతూ ఎందుకో నవ్వుతోంది.

ఆట అయ్యాక నాజ్ అక్క వచ్చి నా కుడి చెయ్యి పట్టుకుని చూసింది, గాజులు అమ్మేవాళ్లు చూసినట్టు. "గిది ఎక్కడ దాచినవే ఇన్ని రోజులు" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

సాయంత్రం సార్ దగ్గరికి వెళ్లి, కాన్ఫరెన్స్ అయింది, ఇప్పుడు వింటారా అన్నాను. "ఏం వినాలి?" అన్నారు. ఏమీ లేదు సార్ అన్నాను. వచ్చే ఏడు జట్టులో పన్నెండు పేర్లు చదివారు. పన్నెండోది నాది. నాన్నను రావద్దని చెప్పు.

ఫోన్లు రేపు ఇచ్చేస్తారట. అయినా ఉత్తరాలు రాయి.

నీ రెండు చేతుల మేనకోడలు,
లిల్లీ

*

మెదక్,
17 మార్చి 2025

చిరంజీవి లిల్లీకి,

ఫోన్ వచ్చాక కూడా ఉత్తరం రాయమన్నావు. అంటే నేను ఫోన్లో ఎక్కువ మాట్లాడతానని నీ భావం. సరే.

ఆ ఆట తాజ్ బీ, నేను పక్కపక్కన కూర్చుని చూశాం. నీ బంతి ఆ ప్రేక్షకుడి ఒళ్లో పడినప్పుడు నేను మిషన్ మీద తల పెట్టుకున్నాను. మూడోది పడినప్పుడు ఇద్దరం అరిచిన అరుపుకు పక్క మెడికల్ షాపాయన పరిగెత్తుకొచ్చాడు. చివర్లో ఆమె జట్టు గెలిచింది, నా జట్టు ఓడింది. కానీ ఏడ్చింది ఆమె. ఎందుకేడుస్తున్నావంటే, "మా నాజ్ అరిసింది ఇన్లేదా టీచరమ్మా, కుడికి గూడ వస్తున్నది అని" అంది. ఆమెకు చాయ్ నేనే పోశాను. ఈసారి రెండూ తాగింది.

పన్నెండు మందిలో పన్నెండో పేరు వచ్చినందుకు మీ అమ్మ ఆదివారం చర్చిలో కృతజ్ఞత కానుక వేసింది. ఎన్నో పేరని ఎవరైనా అడిగితే దగ్గు వచ్చినట్టు చేస్తోంది.

ఇప్పుడు అసలు వార్త. నల్లా తీయించాను. దీనికి పెద్ద యుద్ధం అవుతుందని, ఆగమ్మ నెత్తి మీద బిందె పెట్టుకుని ధర్నా చేస్తుందని భయపడి, రెండు రోజులు మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాను. గ్రౌండులో నల్లా ఉండటం వల్ల ఎంత నష్టమో, ఎందరు ఆడపిల్లల ఆట ఆగిపోయిందో మొత్తం చెప్పాను. ఆమె చాట పక్కన పెట్టి, "నల్లా నా ఇంటి ముంగటికి జరుపుతనంటే నాకేం బాధ టీచరమ్మా? రోజూ మోసుకునుడు తప్పుతది. గీ ముచ్చట ముందుగాల్నే అడగొద్దా?" అంది. ఇన్నేళ్లలో ఆమెను ఎవరూ అడగలేదు, లిల్లీ. నేనూ అడగలేదు. మేమందరం ఆడపిల్లలను ఎడమకు తిప్పాం గానీ నల్లాను తిప్పాలని ఎవరికీ తోచలేదు.

వార్డు మెంబరు మనుషులను పంపాడు. గద్దె పగలగొట్టి, గుంత పూడ్చి, నేల చదును చేశారు. నిన్న సాయంత్రం నీళ్లు కొట్టి గట్టిపరిచాక నేను ఒక్కదాన్నే బంతి తీసుకుని వెళ్లాను. ఒక్కదాన్నే అనుకున్నాను, తాజ్ బీ గోడ పక్కన నిలబడి ఉంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఈ మోకాళ్లతోనే, బంతి కొట్టుకుంటూ పోలు వైపు వెళ్లాను. కుడికి పోదామని గట్టిగా అనుకుని వెళ్లాను. అక్కడ గద్దె లేదు, బిందె లేదు, ఆగమ్మ లేదు. అయినా పోలు దగ్గరికి రాగానే కాలు ఎడమకు తిరిగింది. మళ్లీ చేశాను. మళ్లీ ఎడమకే తిరిగింది. గోడ పక్కనుంచి తాజ్ బీ "ఎడమకే వస్తది! ఎడమ మూయుండ్రి!" అని అరిచి కడుపు పట్టుకుని నవ్వింది.

నేను నవ్వలేదు. బంతి పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నువ్వు ఆ రోజు అంతమంది ముందు, పేరు పోతుందో ఉంటుందో తెలియని చోట, మొహం మీద బంతి తగిలాక కూడా మళ్లీ కుడికే ఎలా పోయావో నాకు అప్పుడు అర్థమైంది. టీవీలో చూసినప్పుడు అంత అర్థం కాలేదు.

సెలవులకు వచ్చినప్పుడు నాకు కుడికి పోవడం నేర్పు. బకెట్లు నేను తెచ్చి పెడతాను. తగిలితే ఎవరి బట్టలైనా ఉతుకుతాను గానీ మీ అమ్మవి మాత్రం ఉతకను.

ఈల తెచ్చుకోనక్కరలేదు, నాది ఇస్తాను.

నీ దగ్గర కొత్తగా చేరబోయే శిష్యురాలు,
జ్ఞానమ్మ